వెనక అట్ట మీద నా మాట

నర్సీపట్నంలో గడిచిన పాతికేళ్ళలో అచ్చయిన ప్రతి పుస్తకం వెనక అట్ట మీదా నా మాట ఉంది. నాతవరం నుంచి కొయ్యూరు దాకా కలం పట్టినవాడెవడూ నా గుమ్మం తొక్కకుండా ప్రెస్సు గుమ్మం తొక్కలేదు. నా నాలుగు వాక్యాలు అందక రెండు పుస్తకాల అచ్చు వారాల తరబడి ఆగిపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి.

ఇందులో నిజం ఎంతో నేనే చెప్పేస్తాను. లేకపోతే ఇది చదివాక మా ఆవిడ నాచేత చెప్పిస్తుంది. ప్రతి పుస్తకం కాదు, ముప్పై ఒక్కటి. అందులో నాలుగు ఒకే ఆయనవి. అచ్చు ఆగిన మాట వాస్తవమే గాని, అది ప్రెస్సులో మెషీను పాడైనందుకు.

మా వైపు ఈ పనికి ఒక పద్ధతి ఉంది. పుస్తకం రాసినాయన ప్రూఫు కాగితాలు, ఒక జీడిపప్పు పొట్లం పట్టుకొని వస్తాడు. "రెండు మాటలు రాయండి మాస్టారూ" అంటాడు. చదివి రాయమని ఎవరూ అనరు. చదివితే తప్పులు దొరుకుతాయని వాళ్ళకూ తెలుసు, నాకూ తెలుసు. నేను మొదటి పేజీ చూస్తాను, చివరి పేజీ చూస్తాను, మధ్యలో బొటనవేలు ఎక్కడ పడితే అక్కడ ఒక పేజీ చూస్తాను. తర్వాత రాస్తాను. ముప్పై మూడేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పిన వాణ్ణి, విశేషణాలకు కొదవేముంది. జీడితోటలకు పట్టే తెగుళ్ళ మీద ఒక రైతు రాసిన చిన్న పుస్తకానికి "చదువుతుంటే కళ్ళు చెమర్చాయి" అని రాశాను. ఆయన ఆ వాక్యాన్ని ఫ్రేము కట్టించుకున్నాడు.

ఇక అసలు సంగతి.

నాకు ఇద్దరు స్నేహితులు. ఒకాయన మా స్కూల్లోనే సైన్సు చెప్పిన మాస్టారు. దేవుడు లేడంటారు. రెండో ఆయన పోస్టుమాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఉన్నాడంటారు. ఇద్దరూ రోజూ సాయంత్రం నాతో నడకకి వస్తారు, ఆ దారి పొడుగునా వాదించుకుంటారు. నేను మధ్యలో నడుస్తాను. నా పని వాళ్ళిద్దరూ లారీల కింద పడకుండా చూడటం.

పోస్టుమాస్టారు ఉద్యోగంలో చేరిన కొత్తలో కొయ్యూరు పైన కొండల్లో ఉత్తరాలు పంచారట. రాసినవాణ్ణి ఏనాడూ చూడలేదు గాని ఉత్తరం నిజమే కదా, లోకం కూడా అలాంటిదే అని ఆయన వాదన. ఉత్తరానికి స్టాంపు ఉంటుంది, ముద్ర ఉంటుంది, లోకానికి ఎక్కడుందో చూపించమని సైన్సు మాస్టారి జవాబు. ఇలా ఎన్నో ఏళ్ళు నడిచాక, నడుస్తూ చెప్పింది నిలవడం లేదని ఇద్దరికీ ఒకేసారి తోచింది. చెరొక పుస్తకం రాశారు. ఇద్దరూ నా దగ్గరికే వచ్చారు, మూడు వారాల తేడాలో, చెరొక జీడిపప్పు పొట్లంతో.

సైన్సు మాస్టారి పుస్తకానికి నేను రాసింది ఇది: "బుద్ధెరిగిన నాటి నుంచి పూజ మానని నన్ను ఈ పుస్తకం నూట ఇరవై పేజీల్లో నాస్తికుణ్ణి చేసింది."

మూడు వారాల తర్వాత పోస్టుమాస్టారి పుస్తకానికి రాసింది ఇది: "జీవితమంతా దేవుడు లేడని తిరిగిన నన్ను ఈ పుస్తకం ఒక్క ఉదయంలో ఆయన ముందు నిలబెట్టింది."

మొదట రాసింది ఏమిటో రెండోది రాసేటప్పుడు గుర్తు లేదు. నిజం చెప్పాలంటే గుర్తుంది. రెండు పుస్తకాలనూ ఒకే మనిషి కొంటాడని అనుకోలేదు, అంతే.

లైబ్రరీ హాల్లో ఒకే రోజు, ఒకే సభలో రెండూ ఆవిష్కరించారు. యాభై కుర్చీలు వేస్తే నలభై నిండాయి. సభ సగంలో ఉండగా ముందు వరసలో ఒకాయన లేచి, రెండు పుస్తకాలూ తిరగేసి పట్టుకొని, నా మాటలు రెండూ పైకి చదివాడు. చదివి ఊరుకోలేదు, "ఇంతకీ తమరు మొదట ఏటండి?" అన్నాడు. హాలు నవ్వింది. నేను అధ్యక్షస్థానంలో ఉన్నాను. మైకు నా ముందే ఉంది.

"సైన్సు మాస్టారి పుస్తకం చదివి దేవుణ్ణి వదిలేశాను. పోస్టుమాస్టారి పుస్తకం చదివి మళ్ళీ పట్టుకున్నాను. ఈ హాల్లో రెండు ఊళ్ళూ తిరిగొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే" అన్నాను.

చప్పట్లు కొట్టారు. అడిగినాయన కూడా కొట్టాడు. రెండు పుస్తకాలూ ఆ పూట బాగా అమ్ముడుపోయాయి. ఇంటికి వెళ్తూ ఆ మాట నాలో నేను ఐదారుసార్లు అనుకున్నాను, అంత నచ్చింది నాకు.

సైన్సు మాస్టారి భార్య ఆ రోజు ఆడవాళ్ళ వైపు చివరి కుర్చీలో కూర్చున్నారు. ఆవిడ నవ్వారో లేదో నేను చూడలేదు.

సభ అయిన రెండు నెలలకి సైన్సు మాస్టారికి నడకలో ఆయాసం మొదలైంది. మొదట మేము అది వాదన వల్ల అనుకున్నాం. పోస్టుమాస్టారు వారం రోజులు అన్నిటికీ ఒప్పుకుంటూ నడిచి చూశారు. అయినా తగ్గలేదు. విశాఖపట్నం తీసుకెళ్తే పరీక్షలు చేసి గుండెకి ఆపరేషన్ అన్నారు. రోజు పెట్టారు. మర్నాడు పొద్దున్నే బయల్దేరాలనగా, ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన భార్య మా ఇంటికి వచ్చారు. ఒక్కరే. చేతిలో భర్త పుస్తకం, న్యూస్‌పేపరు అట్ట వేసి ఉంది.

మా ఆవిడ మంచినీళ్ళిచ్చి, మాస్టారి సంగతి కనుక్కొని, మొహం చూసి లోపలికి వెళ్ళిపోయింది. వచ్చినావిడ గ్లాసు కింద పెట్టారు.

"అన్నయ్యగారూ, మీటింగులో మీరు సెప్పేరు కదండి, రెండు ఊళ్ళూ తిరిగొచ్చేనని. మిమ్మల్నే అడగాలి, ఇంకెవర్నీ అడగలేను" అన్నారు.

అడగమన్నాను.

"దేవుణ్ణి ఒగ్గేసినప్పుడు, అప్పుడు మా వదినగారు మీ పేరు మీద దీపం ఎలిగించి మొక్కుకుంటే, మీకు అవమానం అనిపిచ్చిందా?"

ఆవిడ అడిగింది ఎందుకో నాకు సగమే అర్థమైంది. మిగతా సగం ఆవిడే చెప్పారు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ రోజూ దీపం పెట్టేవారు. తర్వాత మానేశారు. నలభై ఏళ్ళయింది. ఇప్పుడు ఆపరేషన్ ముందు ఒక్కసారి పెట్టుకోవాలని ఉంది. దొంగతనంగా పెట్టడం ఇష్టం లేదు. భర్తను అడుగుదామంటే ఆయన వాదిస్తారు, వాదిస్తే ఆయాసం వస్తుంది, డాక్టరు గట్టిగా మాట్లాడొద్దన్నారు. అడక్కుండా పెడితే, రేపు ఆయన కత్తి కిందకి, తన నమ్మకాన్ని తన ఇంట్లోనే ఎవరో కాదన్న మనిషిగా వెళ్తారేమోనని ఆవిడ భయం. అందుకని, ఆ స్థితిలో ఒకప్పుడు ఉన్న మనిషి కావాలి. అలాంటి మనిషి ఊళ్ళో ఒక్కడే అని సభలో నలభై మంది ముందు నేనే చెప్పాను.

జవాబు నా నోటి దాకా వచ్చింది. చాలా మంచి జవాబు. "అవమానం కాదమ్మా, ఆ వెలుతురు నా మీద కూడా పడినట్టనిపించింది" అని. ఆవిడ ఆ మాట పట్టుకొని వెళ్ళి దీపం పెట్టుకునేవారు. ఎవరికీ నష్టం లేదు. పాతికేళ్ళుగా నేను చేస్తున్న పనే అది.

కాని ఆవిడ కాగితం మీద సంతకం పెట్టించుకోవడానికి వచ్చిన మనిషిలా లేరు. దారి తప్పి, ముందున్న ఊరి పేరు అడుగుతున్న మనిషిలా ఉన్నారు.

"నేను ఎప్పుడూ ఏదీ వదల్లేదమ్మా. వదలాలంటే ముందు పట్టుకొని ఉండాలి కదా. గుడి దాటుతుంటే స్కూటరు మీద చెయ్యి నుదుటికి తగిలిస్తాను, ప్రసాదం పెడితే తింటాను. అంతకు మించి అటూ వెళ్ళలేదు, ఇటూ రాలేదు. మీటింగులో చెప్పింది అప్పటికప్పుడు అల్లిన మాట" అన్నాను.

"అట్ట మీద రాసినాది?"

"అదీ అంతే."

"పుస్తకం సదవలేదా మరి?"

మూడు పేజీలు చదివానని చెప్పాను. ఏ మూడో కూడా చెప్పాను.

ఆవిడ కోప్పడతారనుకున్నాను. న్యూస్‌పేపరు అట్టను వేలితో సాపు చేశారు. "నేను మూడు సార్లు రాసేనండి ఈ పుస్తకాన్ని" అన్నారు. మాస్టారి చేతిరాత ప్రెస్సువాళ్ళకి అర్థం కాదు. ఆయన దిద్దిన ప్రతిసారీ మొత్తం ఆవిడే మళ్ళీ రాశారు, గుండ్రని అక్షరాలతో, స్కూలు నోటు పుస్తకాల్లో. దేవుడు లేడనే నూట ఇరవై పేజీలు, మూడు సార్లు. నేను ఒక్కసారి చదవలేకపోయిన దాన్ని.

డెబ్భై రెండో పేజీ తీసి నా ఒళ్ళో పెట్టారు. "ఇది రాసేటప్పుడు ఆయన ఏటీ సెప్పలేదు, నేనూ అడగలేదు. రాసిచ్చేసేను. మనసులో పెట్టుకొని రాసేరా, ఊరికే వాదన కోసం రాసేరా, నాకు తెల్దు. మీరు సదివి సెప్పండి. సాయంత్రం బేగి రండి" అని లేచి వెళ్ళిపోయారు.

ఆ పేజీలో ఉన్నది ఇది. ఒక యువ ఉపాధ్యాయుడు తన ఇంటికి వచ్చిన ముగ్గురు తోటి మాస్టర్లకి, నూనె ఒత్తిలోంచి పైకి ఎలా పాకుతుందో చూపించాలనుకున్నాడు. లోపల భార్య వెలిగించిన దీపం ఉంటే దాన్నే తెచ్చి వరండాలో పెట్టాడు. పాఠం బాగా చెప్పాడు. పాఠం అయ్యాక దీపాన్ని నోటితో ఊదేశాడు. "ఆ తర్వాత ఆ ఇంట్లో దీపం వెలగలేదు. వాదనలో నెగ్గానని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. అవతలి మనిషి మాట్లాడకపోవడం నెగ్గడం కాదు" అని ముగించారు మాస్టారు.

మా ఇళ్ళలో దీపాన్ని నోటితో ఊదరు. నూనె అయిపోయి దానంతటదే కొండెక్కాలి. మరీ ఆర్పాల్సి వస్తే పువ్వుతో ఒత్తిని నూనెలోకి తోస్తారు. దేవుడి మీద నమ్మకం లేనివాళ్ళు కూడా ఊదరు, నోటికి అలవాటు లేదు గనక.

ఆ ముగ్గురు మాస్టర్లలో నేనొకణ్ణి.

ఆ పేజీ చదివే దాకా గుర్తు లేదు. చదివాక వరండా, వెదురు కుర్చీలు, ఆయన మోకాళ్ళ మీద కూర్చొని ఒత్తిని చూపిస్తున్న తీరు, అన్నీ కళ్ళముందుకొచ్చాయి. పాఠం అయ్యాక భలే చెప్పారు మాస్టారూ అన్నది నేనే. ఆవిడ టీ గ్లాసుల పళ్ళెంతో గుమ్మంలో నిలబడి ఉండాలి, ఎందుకంటే తర్వాత టీ తాగాం. ఆవిడ మొహం మాత్రం ఎంత ప్రయత్నించినా రాలేదు. చూస్తే కదా రావడానికి.

ఆ మధ్యాహ్నం పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివాను. ఈ మాట నమ్మండి, దీన్ని పెంచడం లేదు. కళ్ళద్దాలు రెండుసార్లు తుడుచుకున్నాను. చెమటకి. బాగా రాశారు మాస్టారు. మెచ్చుకోవాల్సిన చోట్లు ఎనిమిదో తొమ్మిదో ఉన్నాయి. అందులో ఒక్కటీ నా పొగడ్తలో లేదు.

సాయంత్రం వెళ్ళేసరికి మాస్టారు ముందు గదిలో పడక కుర్చీలో ఉన్నారు. పక్కన సర్దిన బ్యాగు, ఆస్పత్రి ఫైలు. వంటగదిలోంచి గిన్నెల చప్పుడు వస్తోంది.

"మీ పుస్తకం చదివాను మాస్టారూ" అన్నాను.

"ఎప్పుడు?"

"ఇవాళ మధ్యాహ్నం."

ఆయన గట్టిగా నవ్వబోయి, గుండె మీద చెయ్యి వేసుకొని, మెల్లగా నవ్వారు. "ఎలగుంది తెలుగు మాస్టారూ? నాస్తికులైపోయేరా మళ్ళీ?"

నేను మూడు పేజీలే చదివి రాసినట్టు ఆయనకి మొదటి నుంచీ తెలుసట. చదివి ఉంటే డెబ్భై రెండో పేజీ గురించి అడగడానికి ఆ రోజే వచ్చేవాణ్ణని, తను మూడు వారాలు నా కోసం ఎదురు చూశారని చెప్పారు. ఆ ముగ్గురిలో బతికున్నది నేనొక్కణ్ణే. అప్పుడు అక్కడ ఏం జరిగిందో ఇంకొక మనిషికి కూడా గుర్తుందో లేదో ఆయనకి తెలియాల్సి వచ్చింది. నేనేమో విశేషణాలు పంపాను.

అప్పుడు ఆవిడ అడిగింది ఆయనకి చెప్పాను. గిన్నెల చప్పుడు ఆగింది.

"ఎలిగించుకోమనండి. ఆవిడ ఇల్లు ఇది. నేనెప్పుడు వొద్దన్నాను?" అన్నారు. కాస్త ఆగి, "వొద్దన్లేదు. ఎలిగించుకో అని కూడా అన్లేదు. కాని ఒక మాట. ఆవిడ కోసం ఆవిడ ఎలిగించుకోవాలి. నా పేరు మీద మాత్రం కాదు" అన్నారు.

ఆవిడ గుమ్మంలోకి వచ్చారు. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ, "మీ పేరు మీద కాపోతే నాకెందుకండి దీపం? నాకేటైంది ఇప్పుడు?" అన్నారు.

మాస్టారు నా వైపు చూశారు. పాతికేళ్ళ నడకలో పోస్టుమాస్టారు ఎంత పెద్ద మాటన్నా ఆయన ఎన్నడూ నా వైపు అలా చూడలేదు. నేనేం చెప్తానోనని ఆవిడా నా వైపే చూశారు. నాకు తెలియదన్నాను. ఆ ఇంట్లో నేను చెప్పిన మొదటి నిజం అదే అయి ఉంటుంది.

ఆవిడ అక్కణ్ణించి కదల్లేదు. "అలిగి మానేసేనని రాసేరు కదా మీరు" అన్నారు.

"అలిగేవని రాయలేదు."

"రాయలేదు. అనుకున్నారు. అలిగి కాదండి. మర్నాడు అగ్గిపుల్ల గీసేను. మళ్ళీ ఊదేస్తారేమోనని సెయ్యి ఆడలేదు. ఆ మర్నాడూ అంతే. ఇంక ఆ తరవాత అలవాటు తప్పిపోయింది."

మాస్టారు వయసులో నాకంటే రెండేళ్ళు చిన్న, ఆ నిమిషంలో పదేళ్ళు పెద్దవారిలా ఉన్నారు. చివరికి, "అటక మీద, పెద్ద గంగాళం ఎనకాతల ఉంది, పాత తువ్వాలులో సుట్టి" అన్నారు. దీపపు కుంది అక్కడ ఉందని ఆయనకి తెలుసని ఆవిడకి తెలియదు. కుర్చీ వేసుకొని నేనే తీశాను. ఇత్తడి నల్లబడి ఉంది. ఆవిడ చింతపండుతో తోముతుంటే మాస్టారు కుర్చీలోంచే పిలిచారు.

"నా పేరు మీదే ఎలిగించు. కాని నాకు నమ్మకం లేదని ఆ దేవుడికి సెప్పాలి. దాచి అడక్కూడదు. నేను మారిపోయేనని మాత్రం సెప్పకు, అది అబద్ధం."

"అలగే సెప్తాను" అన్నారు ఆవిడ.

వంటగది అలమరలో ఒక అర ఖాళీ చేసి వెలిగించారు. దేవుడి పటం లేదు ఆ ఇంట్లో. దీపం ఒక్కటే. నేను గుమ్మం ఇవతల నిలబడ్డాను. మొక్కు పెదాల్లో కాదు, పైకే చెప్పారు, మాకు వినబడేలా. ఈయన మిమ్మల్ని నమ్మడండి, ఇకముందూ నమ్ముతాడని నేను మాటివ్వలేను, అయినా రేపు కాస్త చూసుకోండి, అన్నారు. అంతే. ఇంతకన్నా నిజమైన సిఫారసు నేను వినలేదు, రాయనూ లేదు.

ఆవిడ ముందు గదిలోకి వచ్చి ఆయన పక్కన స్టూలు మీద కూర్చున్నారు.

"సెప్పేవా?" అన్నారు మాస్టారు.

"సెప్పేను."

"ఏటన్నాడు?"

"ఏటీ అన్లేదు."

మాస్టారి మొహం వెలిగింది. వాదనలో దారి దొరికినప్పుడు నడకలో వెలిగే వెలుగే అది. "నేను ఇన్నేళ్ళ బట్టీ సెప్తున్నాది అదే కదా" అన్నారు.

"మీరూ నలభై ఏళ్ళు ఏటీ అన్లేదు కదండి" అన్నారు ఆవిడ. "ఉన్నారు కదా మరి."

ఆపరేషన్ బాగా జరిగి, మాస్టారు ఇంటికొచ్చి మూడు నెలలు దాటింది. మళ్ళీ నడకకి వస్తున్నారు. ఆవిడ అన్న ఆ మాటకి జవాబు దొరికిందా అని మొన్న అడిగాను. చూస్తున్నానన్నారు.